మొదటి ఫోన్ మీరే చేయాలి

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ ఉందని భోపాల్ ప్రయోగశాల తేల్చి చెప్పింది. ఆ మాట వచ్చేనాటికే గోదావరి జిల్లాల్లో కోళ్లు గుట్టలుగా చనిపోతున్నాయన్న కబురు పాకిపోయింది. చచ్చిన కోళ్లు రోడ్ల పక్కన, కాలవల్లో కనిపించాయని పత్రికలు రాశాయి. అంటే వైరస్ షెడ్డులోకి వచ్చిన రోజుకీ, ప్రభుత్వం దాని పేరు ప్రకటించిన రోజుకీ మధ్య కొంత కాలం గడిచింది. ఆ కాలంలో ఊళ్లోకి అధికారులు రారు, చెక్‌పోస్టులు పెట్టరు, తెల్ల సూట్లు వేసుకున్న బృందాలు దిగవు. షెడ్డులో ఏం జరుగుతోందో తెలిసేది మీకూ, మీ పనివాళ్లకూ మాత్రమే.

బయోసెక్యూరిటీ అంటే గేటు దగ్గర మందునీళ్ల తొట్టి, పెద్ద కంపెనీలు పెట్టుకునే ఖర్చు అని చాలామంది అనుకుంటారు. తొట్టి కావాల్సిందే. దాని సంగతి తర్వాత వస్తుంది. చట్టం మాత్రం మిమ్మల్ని ముందుగా అడిగేది ఖర్చు కాదు, కబురు. ఈ అధ్యాయం ఆ కబురు గురించి. నష్టం కళ్లెదుట పెరుగుతుంటే, ఇరుగుపొరుగు ఏమంటారో అన్న భయం ఒక పక్క, బాకీలు ఒక పక్క లాగుతుంటే ఆ ఫోన్ చేయగలగడం గురించి.

చట్టం మీ దగ్గర మొదలవుతుంది

మన దేశంలో పశువుల అంటువ్యాధుల నివారణకు 2009లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. గేదెల గాలికుంటు నుంచి కోళ్ల బర్డ్ ఫ్లూ దాకా అందులో రోగాల జాబితా ఉంది. నాలుగో సెక్షన్ ప్రకారం, జాబితాలోని రోగం ఏదైనా తన జీవాలకు సోకిందని నమ్మడానికి కారణం ఉన్న యజమాని, లేదా వాటిని చూసుకుంటున్న మనిషి, ఊళ్లో ఆ బాధ్యత ఉన్న అధికారికో పంచాయతీకో వెంటనే తెలియజేయాలి. వాళ్లు పశువైద్యుడికి చెబుతారు. ఐదో సెక్షన్ ప్రకారం జబ్బు జీవాలను మంచివాటి నుంచి వేరు చేయాలి. వ్యాధి ఉందని తెలిసిన కోళ్లను సంతకో మార్కెట్‌కో తేవడాన్ని కూడా ఈ చట్టం నిషేధిస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోండి. చట్టం మిమ్మల్ని రోగం పేరు చెప్పమనడం లేదు. నమ్మడానికి కారణం ఉంటే చాలంటోంది. చాలా ఫారాల్లో తొలి రోజులు పోయేది ఈ తేడా తెలియకే. బర్డ్ ఫ్లూ వచ్చిన కోడి మేత మానేస్తుంది, తల ఉబ్బుతుంది, జుట్టు నీలంగా మారుతుంది, గుడ్లు తగ్గుతాయి, తోలుగుడ్లు పడతాయి. ఒక్కోసారి ఇవేమీ కనపడకుండానే పొద్దున్న బాగున్న కోడి సాయంత్రానికి పడి ఉంటుంది. ఈ లక్షణాల్లో చాలా భాగం కొక్కెర తెగులులోనూ ఉంటాయి. దాంతో ‘కొక్కెర అయి ఉంటుందిలే, మళ్లీ టీకా వేద్దాం, మందులు మారుద్దాం’ అని రోజులు గడుపుతారు. అయితే కొక్కెర కూడా ఆ జాబితాలో ఉన్న రోగమే. ఏ పేరు పెట్టుకున్నా చెప్పే బాధ్యత మీ మీదే ఉంటుంది. తేల్చే పని ప్రయోగశాలది. బర్డ్ ఫ్లూ విషయంలో ఆఖరి మాట భోపాల్‌లోని జాతీయ సంస్థదే. నమూనా అక్కడికి వెళ్లాలంటే ముందు మీ ఫోన్ వెళ్లాలి.

చచ్చిన కోళ్ల విషయంలో ఈ చట్టం ఇంకా కఠినం. రోగంతో చనిపోయిందని తెలిసిన జీవం కళేబరాన్ని నదిలో, చెరువులో, కాలవలో వేయడం వేరే నేరం. మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, కట్టకపోతే నెల జైలు. మళ్లీ చేస్తే 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. లక్షల వ్యాపారంలో రెండు వేలు ఒక లెక్కా అనుకునేవాళ్లుంటారు. ఆ కాలవ నీళ్లు కింద ఎవరు తాగుతున్నారో, ఎవరి బాతులు ఈదుతున్నాయో ఆలోచిస్తే ఈ లెక్క మారుతుంది. పైగా ప్రాణాంతక రోగం పాకే పని నిర్లక్ష్యంగా చేసినవాళ్ల మీద భారతీయ న్యాయ సంహిత 271వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. దానికి ఆరు నెలల దాకా శిక్ష ఉంది. బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 మనుషులకూ ప్రాణాంతకమే. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప ఈ వైరస్ సోకి కన్నుమూసింది. అది తలచుకున్నాక జరిమానా ఎంత అన్న ప్రశ్న నా మనసులో నిలవదు.

బతికున్న కోడికే పరిహారం

రైతు ఎందుకు దాస్తాడు? నష్టం వస్తుందని. ఆ లెక్కనే తిరగేసి చూద్దాం.

ఫారంలో బర్డ్ ఫ్లూ తేలితే అక్కడి కోళ్లన్నింటినీ చంపి పూడుస్తారు. గుడ్లు, మేత కూడా నాశనం చేస్తారు. అలా ప్రభుత్వ బృందం చంపిన కోళ్లకు, నాశనం చేసిన గుడ్లకు, మేతకు పరిహారం ఉంది. ఆ భారాన్ని కేంద్రం, రాష్ట్రం చెరి సగం మోస్తాయి. కోడి రకాన్ని, వయసును బట్టి రేటు ఉంటుంది. అది మార్కెట్ ధర కాదు, మీ పెట్టుబడి అంతా దానితో తిరిగి రాదు. అయితే బృందం వచ్చేలోగా రోగంతో తమంతట తాము చచ్చిన కోళ్లకు ఈ పరిహారం రాదు.

పదివేల లేయర్ల షెడ్డు అనుకోండి. చావులు పెరిగిన మొదటి రోజే చెబితే దాదాపు పదివేలూ లెక్కలోకి వస్తాయి. వారం దాస్తే ఏ మూడు వేలో నాలుగు వేలో మిగులుతాయి. మిగతావాటిని ఎక్కడో పడేసి ఉంటారు, పైసా రాదు. దాచడం వల్ల ఆ వారం మీ షెడ్డులో వైరస్ ఆగదు, తగ్గదు. దాచి రక్షించుకున్నది ఏదీ ఉండదు. తగ్గింపు ధరకు వ్యాపారికి తోలేద్దామన్న ఆలోచన మరీ ప్రమాదం. ఆ కోళ్ల బండి ఏ ఊళ్ల మీదుగా వెళితే ఆ ఊళ్లకు రోగాన్ని మోసుకెళుతుంది. ఎక్కడినుంచి వచ్చిందని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు చివరికి మీ గేటు దగ్గరే ఆగుతారు.

పొరుగువారి సంగతీ ఉంది. వ్యాధి తేలిన చోటు నుంచి కిలోమీటరు దాకా సోకిన ప్రాంతం, పది కిలోమీటర్ల దాకా నిఘా ప్రాంతం అని ప్రకటిస్తారు. కిలోమీటరు లోపల పెరటి కోళ్లతో సహా అన్నీ పోతాయి. ఆ తర్వాత శుద్ధి, మూడు నెలల నిఘా. దాన్ని దాటాకే మళ్లీ పిల్లలు దించే మాట. మీరు చెబితే పక్కవాళ్ల కోళ్లు పోతాయన్నది నిజమే. ఆ మొహమాటం ఊళ్లో ఎంత బలంగా పనిచేస్తుందో నాకు తెలుసు. అయినా మీరు చెప్పకపోతే వైరస్ ఆ కిలోమీటరు దాటి రెండో ఫారంలో, మూడో ఫారంలో పడుతుంది, అప్పుడు ఒక్క వలయం నాలుగు వలయాలవుతుంది. మీ పేరు ఎవరైనా ఎత్తుతారేమో అన్న భయం కన్నా పక్కూరి రైతు బ్యాచ్ నిలబడటం పెద్ద విషయం.

నిర్ణయం ముందే రాసి పెట్టుకోండి

గాభరాలో ఉన్న మనిషి తనకు నచ్చిన కారణం వెతుక్కుంటాడు. ఎండ ఎక్కువైంది, మేత మారింది, మంచు పట్టింది అనుకుంటాడు. అందుకే ఆ ఫోన్ ఎప్పుడు చేయాలో కోళ్లు ఆరోగ్యంగా ఉన్న రోజునే తేల్చుకుని కాగితం మీద పెట్టుకోవాలి. ఇది నేను ఈ అధ్యాయంలో ఇచ్చే అన్ని సలహాల్లోకీ ముఖ్యమైనది.

పదివేల లేయర్ల షెడ్డులో రోజుకు రెండో మూడో పోవడం మామూలే. మీ షెడ్డు మామూలు లెక్క ఏమిటో గత మూడు నెలల రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. ఆ లెక్కకు మూడు రెట్లు వరుసగా రెండు రోజులు దాటినా, ఒక్క రోజులోనే నూటికి ఒకటి చొప్పున పోయినా, మేత గానీ నీళ్లు గానీ ఐదో వంతు తగ్గినా ఫోన్ చేయడమే అని నేను చెబుతాను. మీ డాక్టరుతో కూర్చుని మీ ఫారానికి తగ్గట్టు ఈ అంకెలను సవరించుకోండి. సవరించాక మేత గది తలుపు మీద అంటించండి. అంకె దాటిన రోజు ‘చేద్దామా, వద్దా’ అనే చర్చ ఉండకూడదు.

ఫోన్ ఎవరు చేయాలో కూడా రాయండి. యజమాని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి, షెడ్డు సూపర్‌వైజర్ చేతుల్లో నడిచే ఫారాలు చాలా ఉన్నాయి. సూపర్‌వైజర్ యజమానికి చెబుతాడు, యజమాని ‘రేపు చూద్దాం’ అంటాడు, రేపటికి రెండు వందలు పోతాయి. చట్టం యజమానినే కాదు, జీవాలను చూసుకుంటున్నవారిని కూడా బాధ్యుల్ని చేసింది. ఫారం కంపెనీదైతే దాన్ని నడిపే బాధ్యులూ తప్పించుకోలేరు. అందువల్ల అంకె దాటితే యజమాని అనుమతి కోసం ఆగకుండా ఫోన్ చేసే అధికారం సూపర్‌వైజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. అలా ఇవ్వడానికి మనసు ఒప్పుకోకపోతే, సమస్య మీ ఫారం ఏర్పాటులో కాదు, మీ నిర్ణయంలో ఉంది.

కాంట్రాక్టు పద్ధతిలో బ్రాయిలర్లు పెంచేవారికి ఇంకో చిక్కుంది. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, శ్రమ మీవి. కోళ్లు చంపాల్సి వస్తే పరిహారం ఎవరి ఖాతాలో పడుతుంది? మూడు నెలలు షెడ్డు ఖాళీగా ఉంటే మీకు ఏమొస్తుంది? ఒప్పందంలో ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఉందో లేదో ఈ వారమే చూడండి. లేకపోతే తర్వాతి బ్యాచ్ దించేలోపు రాయించుకోండి. కంపెనీ సూపర్‌వైజర్‌కు వాట్సాప్‌లో ఫొటో పెట్టినంత మాత్రాన చట్టం చెప్పిన బాధ్యత తీరిందనుకోవద్దు. పశువైద్యుడికి వేరే చెప్పాలి.

షెడ్డు గడప

ఇప్పుడు తొట్టి సంగతి. మధ్యాహ్నం రెండు గంటలకు మీ షెడ్డు గుమ్మం దగ్గర ఫుట్‌బాత్ చూడండి. పొద్దున్న పోసిన మందునీళ్లు గోధుమరంగుకు తిరిగి, పైన ఈకలు తేలుతూ, అడుగున పెంట పేరుకుని ఉంటే అది ఇక మందునీళ్లు కాదు. పెంట కలిసిన నీటిలో మందు బలం చచ్చిపోతుంది. ముందు బ్రష్‌తో చెప్పులు కడిగి, ఆ తర్వాతే తొట్టిలో కాలు పెట్టాలి. తొట్టి నీళ్లు రోజూ మార్చాలి, మురికైతే ఆ పూటే మార్చాలి. ఇంతకన్నా మేలైన పద్ధతి షెడ్డుకు విడిగా చెప్పులు ఉంచడం. గుమ్మం లోపల ఎర్ర గీత గీసి, బయటి చెప్పులు గీత ఇవతల, లోపలి చెప్పులు అవతల పెట్టుకోమనండి. దీనికి ఖర్చు నాలుగు జతల చెప్పులు, ఒక డబ్బా రంగు.

రోగం ఎక్కువగా వచ్చేది మనుషుల కాళ్ల మీద, బండి చక్రాల మీద, ట్రేల మీద. గుడ్ల లారీ ఒక్క రోజులో ఎన్నో ఫారాలు తిరుగుతుంది. అది తెచ్చే ఖాళీ అట్ట ట్రేలలో ఎవరి షెడ్డు పెంట అంటుకుందో ఎవరికీ తెలియదు. అట్ట ట్రేలను మళ్లీ వాడొద్దు. ప్లాస్టిక్ ట్రేలైతే కడిగి, మందునీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరాకే లోపలికి తేవాలి. గుడ్ల గది గేటు దగ్గరే ఉండాలి, లారీ షెడ్ల మధ్యకు రాకూడదు. కల్లింగ్ కోళ్లు కొనే వ్యాపారి తన పంజరాలతో సహా లోపలికి వస్తానంటే వద్దనండి. కోళ్లను గేటు దాకా మీ మనుషులే మోయాలి. ఆయన నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

గోదావరి, కృష్ణా డెల్టాలో ఫారం పక్కనే వరి చేలు, చేపల చెరువులు, అటు కొల్లేరు. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. నీటి పక్షులు ఈ వైరస్‌ను జబ్బు పడకుండానే మోయగలవు. వాటిని మనం ఆపలేం, ఆపకూడదు కూడా. వాటి రెట్ట మన కోళ్ల నీళ్లలో, మేతలో పడకుండా చూసుకోగలం. పై ట్యాంకుకు మూత, షెడ్డుకు చిల్లుల్లేని వల, కింద ఒలికిన మేత ఆ పూటే ఊడ్చేయడం, చెరువు నీళ్లు తప్పనిసరైతే క్లోరిన్ కలపడం అందుకు చాలు. చచ్చిన కోళ్లను చేపల చెరువులకు మేతగా అమ్మే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది పూర్తిగా మానేయాలి. ఆ చెరువు మీద వాలిన కొంగ మర్నాడు మీ ట్యాంకు మీద వాలుతుంది. చచ్చిన కోళ్లకు గేటుకు దూరంగా, నీటి వనరుకు దూరంగా లోతైన గుంత, సున్నం, పైన మూత ఉండాలి. రోగం అనుమానం ఉన్న రోజుల్లో మాత్రం ఏ కోడినీ డాక్టరు చెప్పే దాకా బయటికి పంపొద్దు. చేతి తొడుగులు, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు.

సంక్రాంతి గురించి కూడా సూటిగా చెప్పాలి. భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరులకు ఎక్కడెక్కడి నుంచో పుంజులు వస్తాయి, గాయపడతాయి, చేతులు మారుతాయి, తిరిగి ఊళ్లకు పోతాయి. మీ పనివాడు పందెం పుంజును పెంచుతూ అదే చేతులతో మీ షెడ్డులో మేత వేస్తుంటే, మీ తొట్టీ వలా ఎందుకూ కొరగావు. పనిలో చేరేటప్పుడే ఇంట్లో కోళ్లు, బాతులు పెంచకూడదన్న షరతు పెట్టండి. ఊరికే షరతు పెడితే దాచిపెడతారు. దాని బదులుగా నెలకు ఇన్ని గుడ్లు, పండక్కి ఒక కోడి అని మీరే ఇవ్వండి. పనివాళ్ల ఇంటి అవసరం తీరితే షరతు నిలబడుతుంది. పండగ సెలవు నుంచి వచ్చినవారు స్నానం చేసి, బట్టలు మార్చి, కోళ్లకు దూరంగా రెండు మూడు రోజులు వేరే పని చేశాకే షెడ్డులోకి వెళ్లాలి.

కాగితాలు

2025 ఏప్రిల్‌లో కేంద్రం దేశంలోని కోళ్ల ఫారాలన్నీ రాష్ట్ర పశుసంవర్ధక శాఖ దగ్గర నెల రోజుల్లో నమోదు కావాలని చెప్పింది. మీది నమోదైందా? మీ మండల పశువైద్యుణ్ని అడిగితే తెలుస్తుంది. ఐదు వేల కోళ్లు దాటిన ఫారాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కూడా అవసరం. పెంట, ఈగలు, కళేబరాల గుంత వీటన్నింటి మీదా ఆ అనుమతిలో షరతులుంటాయి. కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని 2019లోనే నిషేధించారు. పాత సీసాలేమైనా మందుల గదిలో మిగిలి ఉంటే ఏరివేయండి.

రోజూ రాయాల్సిన పుస్తకం ఒక్కటి చాలు. ఆ రోజు చావులు, మేత, నీళ్లు, గుడ్లు, వాడిన మందు, గేటు దాటి వచ్చిన మనిషి పేరు, బండి నంబరు, ఆ మనిషి అంతకు ముందు ఏ ఫారం నుంచి వచ్చాడన్నది ఉండాలి. సాయంత్రం సంతకం పెట్టాలి. వారానికోసారి కూర్చుని ఊహించి నింపే పుస్తకం పనికిరాదు. రేపు పరిహారం లెక్కలో ఎన్ని కోళ్లు ఉన్నాయని అడిగినప్పుడు, రోగం ఎటు నుంచి వచ్చిందని వెతికినప్పుడు, మీరు చెప్పాల్సిన సమయానికే చెప్పారని చూపాల్సి వచ్చినప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ పుస్తకమే.

ఆ రోజు వచ్చినప్పుడు

అంకె దాటింది. ముందు గేటుకు తాళం వేయండి. గుడ్ల లారీని, మేత బండిని ఫోన్‌లోనే ఆపండి. షెడ్డులో ఉన్న పనివాళ్లు అక్కడే ఉండాలి, ఇంకో షెడ్డుకు వెళ్లకూడదు. ఇప్పుడు మీ మండల పశువైద్యుడికి ఫోన్ చేయండి, దొరక్కపోతే 1962కు. ఫారం ఎక్కడుంది, ఎన్ని కోళ్లు, ఏ వయసు, నిన్న ఎన్ని పోయాయి, ఇవాళ ఎన్ని, ఏ లక్షణాలు, గత రెండు వారాల్లో ఏ బండి వచ్చింది, ఏ కోళ్లు బయటికి పోయాయి అన్నవి పుస్తకం చూసి చెప్పండి. రోగం పేరు మీరు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత గ్రామ సచివాలయంలోని పశుసంవర్ధక సహాయకుడికి మెసేజ్ పెట్టండి, తేదీ, సమయం రాతలో ఉంటాయి. చచ్చిన కోళ్లను నమూనా తీసేవరకు మూత ఉన్న డ్రమ్ములో ఉంచండి. పనివాళ్లలో ఎవరికైనా జ్వరం, దగ్గు, కళ్లకలక ఉంటే కోళ్లలో పనిచేస్తున్న సంగతి చెప్పి ఆసుపత్రికి పంపండి.

పక్క ఫారం రైతుకూ ఆ సాయంత్రమే తెలియాలి. అయితే అన్నగారితో ఎదురుగా మాట్లాడదామని చెప్పులేసుకుని బయల్దేరవద్దు. మీ ఫారం నుంచి ఆ రోజు ఎవరూ వాళ్ల గేటు దాకా వెళ్లకూడదు. ఫోన్‌లోనే, ‘మా షెడ్డులో చావులు పెరిగాయండీ, డాక్టరుకు చెప్పాను, మీ గేటు మూసుకోండి’ అనండి.